పదమూడుగురి ఆట వదిలి ఒంటరి బరికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ఇదే శీర్షికలో ఆస్ట్రేలియా క్రీడాకారుడు ఆంథనీ మండైన్ గురించి క్లుప్తంగా రాశాము. సిడ్నీ నగరంలో రగ్బీ లీగ్ ఆటగాడిగా పేరు తెచ్చుకున్న అతను పాతికేళ్ల వయసులో ఆ ఆటను వదిలి బాక్సింగ్‌లో అడుగుపెట్టాడనీ, మూడేళ్లు తిరిగేసరికి ప్రపంచ టైటిల్ గెలిచాడనీ ఆ జవాబులో చెప్పాము. దానిపై కోనసీమ నుంచి, ఉభయ గోదావరి ప్రాంతాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలను ఏరి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

2025లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ జట్టు కూడా ఉండడంతో మా హాస్టల్‌లో చాలామంది ఆ పోటీలు చూశాం. అక్కడ జట్టుకు ఏడుగురే ఉన్నారు. మీరేమో మండైన్ జట్టులో పదమూడుగురు అని రాశారు. ఇంకొక చోట పదిహేనుగురు అని చదివాను. ఏది సరైనది? — డిగ్రీ విద్యార్థి, అమలాపురం

మూడూ సరైనవే, ఎందుకంటే అవి మూడు వేర్వేరు ఆటలు. పందొమ్మిదవ శతాబ్దం చివర ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో రగ్బీ ఆడేవారిలో ఎక్కువమంది గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే కూలీలు. శనివారం ఆటకు వెళితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని తమ జట్లు చెల్లించవచ్చునా అన్న ప్రశ్న మీద తగవు ముదిరి, 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై పాత సంఘం నుంచి విడిపోయాయి. అలా విడిపోయినవారి ఆటే రగ్బీ లీగ్. పాత సంఘంలో మిగిలినవారి ఆట రగ్బీ యూనియన్. డబ్బు తీసుకోరాదన్న నియమాన్ని యూనియన్ వారు 1995 దాకా, అంటే నిండా వందేళ్లు, పట్టుకొని కూర్చున్నారు. యూనియన్‌లో జట్టుకు పదిహేనుగురు. మీరు ముంబయి పోటీల్లో చూసింది దానికే కుదించిన ఏడుగురి రూపం. లీగ్‌లో 1906 నుంచి పదమూడుగురు.

జట్టులో మనుషులను తగ్గించడంతో పాటు లీగ్ వారు ఆట నడకనే మార్చారు. బంతి పట్టుకొని పరుగెత్తేవాడిని ప్రత్యర్థులు పట్టి పడగొడితే, అతను లేచి నిలబడి బంతిని కాలితో వెనక్కి నెట్టి తనవాడికి అందిస్తాడు. ఇలా ఆరుసార్లు పట్టుబడేలోపు ఏదో ఒకటి సాధించకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే నాలుగు పాయింట్లు (దీన్ని ట్రై అంటారు), తరువాత కొట్టే గోల్‌కు రెండు. ఎనభై నిమిషాల ఆట. మన చెడుగుడు ఎరిగినవారికి ఈ ఆట సగం తెలిసినట్టే. కూతకు వెళ్లినవాడిని నలుగురు చుట్టుముట్టి పట్టు బిగించడం, అతను ఒళ్లు మెలిపెట్టి గీత వైపు తోసుకుపోవడం, రెండు చోట్లా చూడవచ్చు. అయితే అక్కడ పట్టుబడినవాడు బయటకు పోడు. తక్షణం లేచి మళ్లీ ఆటలో ఉంటాడు.

ఈ ఆటలో ఆరో నంబరు చొక్కా వేసుకునేవాడిని ఫైవ్-ఎయిత్ అంటారు. బంతిని ఎటు పంపాలో, ఎప్పుడు తన్నాలో, ఎప్పుడు తానే దూసుకుపోవాలో నిర్ణయించేవారిలో అతను ముఖ్యుడు. మండైన్ ఆడిన స్థానం ప్రధానంగా అదే. బరువుతో ఎదుటివారిని నెట్టే స్థానం కాదది. కంటి చురుకు, అడుగు వేగం, ఎదుటివాడి భుజం ఎటు వంగుతుందో ముందే పసిగట్టే నేర్పు ఉన్నవారికి ఇస్తారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే కింది ప్రశ్నలకు జవాబు సులువవుతుంది.

ముప్పై ఏళ్లపాటు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను. మంచి ఫామ్‌లో ఉన్న ఆటగాడు తన ఆటను అర్ధాంతరంగా వదలడం నేను ఎక్కడా చూడలేదు. 1999 ఫైనల్‌లో బంతి జారవిడిచిన అవమానమే కారణమా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

కాదని మా అభిప్రాయం. ఆ సంఘటన ఏమిటో ముందుగా ఇతర పాఠకుల కోసం చెప్పాలి.

మండైన్ 1975 మే 21న సిడ్నీలో పుట్టాడు. బుంజలంగ్ అనే ఆదివాసీ జాతికి చెందిన కుటుంబం. 1993లో సెయింట్ జార్జ్ జట్టులో మొదటి శ్రేణి ఆట మొదలుపెట్టాడు. 1996లో ఆ జట్టు ఫైనల్ దాకా వచ్చి మ్యాన్లీ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది టెలివిజన్ హక్కుల పోరులో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ రెండు పోటీలుగా చీలిపోయినప్పుడు అతను బ్రిస్బేన్ బ్రాంకోస్‌కు వెళ్లి, 1998లో తిరిగి సొంత జట్టుకు వచ్చాడు. 1999లో సెయింట్ జార్జ్, ఇల్లవారా జట్లు ఒకటిగా కలిశాయి. ఆ కొత్త జట్టు మొదటి ఏడాదే ఫైనల్ చేరింది. దానికి ముందరి మ్యాచ్‌లో క్రొనుల్లా మీద మూడు ట్రైలు చేసి జట్టును ఫైనల్‌కు తీసుకువెళ్లినవాడు మండైనే.

1999 సెప్టెంబరు 26న జరిగిన ఆ ఫైనల్‌ను 1,07,999 మంది ప్రేక్షకులు చూశారు. రగ్బీ లీగ్ చరిత్రలో ఒక మ్యాచ్‌కు అంతమంది అంతకుముందు రాలేదు. విరామానికి మండైన్ జట్టు 14–0 ఆధిక్యంలో ఉంది. రెండో సగంలో అతను గీత దాటి బంతిని నేలకు ఆనించబోయే క్షణంలో అది చేతి నుంచి జారిపోయింది. ఆ ట్రై దక్కి ఉంటే ప్రత్యర్థి మెల్బోర్న్ స్టార్మ్ జట్టు కోలుకోవడం కష్టమయ్యేది. చివరి నిమిషాల్లో మెల్బోర్న్‌కు పెనాల్టీ ట్రై (అవతలి జట్టు తప్పు వల్ల రిఫరీ ఇచ్చే ట్రై) లభించి, 20–18తో ఆ జట్టే గెలిచింది. ఆ తరువాత కూడా మండైన్ ఊరుకోలేదు. ఆ కప్పుకు మెల్బోర్న్ తగదని 2000 సీజన్‌లో బాహాటంగా అన్నాడు. ఆ రెండు జట్లూ మళ్లీ తలపడినప్పుడు మెల్బోర్న్ 70–10తో బదులిచ్చింది.

ఇవన్నీ చూసినవారు అవమానం తట్టుకోలేక వెళ్లిపోయాడని అనుకోవడం సహజమే. కాని అతని ఇంటి సంగతి తెలిస్తే అలా అనుకోలేము. తండ్రి టోనీ మండైన్ పేరుమోసిన బాక్సర్. మిడిల్‌వెయిట్ నుంచి హెవీవెయిట్ వరకు నాలుగు బరువు తరగతుల్లో ఆస్ట్రేలియా ఛాంపియన్‌గా నిలిచాడు. 1974లో బ్యూనస్ ఎయిర్స్‌లో అర్జెంటీనా మహావీరుడు కార్లోస్ మొన్జోన్‌ను ప్రపంచ మిడిల్‌వెయిట్ టైటిల్ కోసం ఎదుర్కొని ఏడో రౌండ్‌లో ఓడిపోయాడు. తరువాత సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో, ఆదివాసీలు ఎక్కువగా నివసించిన పేటలో, జిమ్ నడిపాడు. కొడుక్కు గ్లౌజులు ఇంటి వస్తువులే. ఫుట్‌బాల్ (సిడ్నీలో రగ్బీ లీగ్‌ను అలాగే పిలుస్తారు) ఆడుతున్న రోజుల్లోనే తాను ఒకనాడు బాక్సర్ అవుతానని అతను చెప్పుకునేవాడు.

రెండో కారణం అతను దాచుకోనిది. రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పోటీల్లో న్యూ సౌత్ వేల్స్ తరఫున 1999లో మూడు మ్యాచ్‌లు ఆడాడు. దేశపు జట్టుకు మాత్రం ఎంపిక కాలేదు. ఆదివాసీ కావడం వల్లనే, నోరు మూసుకొని ఉండకపోవడం వల్లనే తనకు దక్కవలసినది దక్కలేదని నమ్మాడు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చడం మా పని కాదు. ఆ ఏళ్లలో అతని స్థానానికి గట్టి పోటీదారులు ఉన్నారన్నది కూడా నిజం. అయితే పదమూడుగురిలో ఒకడిగా ఉన్నంతకాలం సెలెక్టర్ల దయ మీద ఆధారపడాలి. బాక్సింగ్‌లో ఎవరితో తలపడాలో, ఎప్పుడు, ఎంతకు అన్నది చాలావరకు తన చేతిలో ఉంటుంది. ఆ స్వాతంత్ర్యం కోసమే వెళ్లాడని మేము భావిస్తున్నాము. 2000 సీజన్ మధ్యలో జట్టును విడిచి, జులై 5న సిడ్నీలో మొదటి ప్రొఫెషనల్ పోరు ఆడి, నాలుగో రౌండ్‌లో గెలిచాడు.

నేను బాక్సింగ్ అభిమానిని. పేరున్నవాడు కాబట్టి మండైన్‌కు టైటిల్ పోరు పళ్లెంలో పెట్టి ఇచ్చారని, నిజమైన బాక్సర్ల కడుపు కొట్టారని నా వాదన. కాదనగలరా? — చేపల వ్యాపారి, భీమవరం

మొదటి సగం కాదనలేము. రెండో సగాన్ని ఒప్పుకోలేము.

ప్రొఫెషనల్‌గా మారిన పదిహేడు నెలలకే, 2001 డిసెంబరు 1న, జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో ఐబీఎఫ్ అనే బాక్సింగ్ సంస్థ సూపర్ మిడిల్‌వెయిట్ (సుమారు 76 కిలోల తరగతి) ఛాంపియన్ స్వెన్ ఓట్కేతో తలపడే అవకాశం మండైన్‌కు వచ్చింది. సాధారణ బాక్సర్ ఎవరైనా ఆ వరుసలో ఏళ్ల తరబడి నిలబడవలసిందే. అతను మోసుకొచ్చిన ప్రేక్షకులు, అతని మీద టెలివిజన్‌కు ఉన్న ఆసక్తి ఆ వరుసను చిన్నది చేశాయి. కాని ఎదుట నిలబడినవాడు ఎవరో చూడండి. ఓట్కే మూడు ఒలింపిక్స్‌లో పాల్గొన్నవాడు; వందలకొద్దీ అమెచ్యూర్ పోరాటాల తరువాత ప్రొఫెషనల్ అయినవాడు; ప్రొఫెషనల్‌గా ఆడిన 34 పోరాటాల్లో ఒక్కటీ ఓడకుండా 2004లో విరమించినవాడు. అలాంటివాడి ముందు, అమెచ్యూర్ అనుభవం దాదాపు లేని మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు తొమ్మిది రౌండ్లు నిలదొక్కుకొని, పదో రౌండ్‌లో ఒక్క దెబ్బకు నేల కూలాడు.

మండైన్ బాక్సింగ్ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి మేము ఎంచుకునే పోరు ఇదే. పాత ఆట నుంచి అతను ఏమి తెచ్చుకున్నాడో, ఏమి తెచ్చుకోలేకపోయాడో ఒకే రాత్రి బయటపడింది. తెచ్చుకున్నది వేగం. ఎదుటివాడి దెబ్బ అంగుళం దూరంలో ఆగిపోయేలా వెనక్కి జరగడం, వెంటనే లోపలికి వచ్చి కొట్టడం, ఆరో నంబరు ఆటగాడిగా పదేళ్లు సాధన చేసిన కంటి పని. దమ్ము కూడా ఉంది. పన్నెండు రౌండ్లంటే ముప్పై ఆరు నిమిషాలు. ఎనభై నిమిషాలు పరుగెత్తినవాడికి అది భయపెట్టే లెక్క కాదు. తెచ్చుకోలేకపోయినది, అలసట కమ్ముకున్న పదో రౌండ్‌లో కూడా చేతులు వాటంతటవే గడ్డం దగ్గరకు వచ్చే అలవాటు. అది పదేళ్ల పిల్లవాడిగా మొదలుపెట్టి వందల పోరాటాల్లో దెబ్బలు తిని నేర్చుకునేది. ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడి ఏమరుపాటును మిగతా పన్నెండుగురు కప్పిపుచ్చగలరు. రింగ్‌లో కప్పిపుచ్చేవారు లేరు.

ఇక నిజమైన బాక్సర్ల కడుపు కొట్టాడన్న మాట. ఓడిన తరువాత అతను తిరిగి ఫుట్‌బాల్‌కు పోలేదు. 2003 సెప్టెంబరు 3న సిడ్నీలో అమెరికాకు చెందిన ఆంట్వన్ ఎకల్స్‌ను పన్నెండు రౌండ్లలో పాయింట్ల మీద ఓడించి, ఖాళీగా ఉన్న డబ్ల్యూబీఏ అనే మరో సంస్థ సూపర్ మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. ఎకల్స్ గట్టి దెబ్బకు పేరుపడినవాడు. పళ్లెంలో పెట్టి ఇచ్చిన ప్రత్యర్థి కాడు. 2004లో మానీ సియాకా చేతిలో ఆ టైటిల్ పోయింది. 2005లో డెన్మార్క్‌కు చెందిన మిక్కెల్ కెస్లర్ చేతిలోనూ ఓడాడు. కెస్లర్ ఆ తరగతిలో ఆ తరం అగ్రశ్రేణి బాక్సర్లలో ఒకడు. ఆ ఓటమికి సిగ్గుపడనక్కరలేదు.

2006 మే 17న డానీ గ్రీన్‌తో జరిగిన పోరు గురించి మాత్రం మీరు వ్యాపారస్థులు కాబట్టి ప్రత్యేకంగా చూడాలి. గ్రీన్ పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందినవాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడి వచ్చిన, పద్ధతి ప్రకారం ఎదిగిన బాక్సర్. ఇద్దరికీ మధ్య ఏళ్ల తరబడి మాటల యుద్ధం నడిచింది. పోరు సిడ్నీ ఫుట్‌బాల్ స్టేడియంలో, సుమారు 30,000 మంది ఎదుట జరిగింది. టెలివిజన్‌లో డబ్బు కట్టి చూసినవారు అంతకు ఎన్నో రెట్లు. దేశంలో సగంమంది మండైన్ గెలవాలని, సగంమంది అతను చిత్తుగా ఓడాలని కోరుకొని టికెట్ కొన్నారు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ మండైనే గెలిచాడన్నారు. మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఒలింపిక్ బాక్సర్‌కు బాక్సింగ్‌లో పాఠం చెప్పిన రాత్రి అది. అంతకన్నా ముఖ్యం, ఆ రాత్రి గ్రీన్‌కు దక్కిన ఆదాయం మండైన్ లేకుండా అతనికి దక్కేది కాదు. పేరున్నవాడు రావడం వల్ల ఆస్ట్రేలియా బాక్సర్ల కంచంలో అన్నం పెరిగిందే తప్ప తగ్గలేదు. 2007లో శామ్ సోలిమన్‌ను తొమ్మిదో రౌండ్‌లో పడగొట్టి మళ్లీ టైటిల్ గెలిచాడు. 2009లో డేనియల్ గీల్‌ను ఓడించాడు. ఆ సోలిమన్, ఆ గీల్ ఇద్దరూ తరువాతి కాలంలో మిడిల్‌వెయిట్‌లో ఐబీఎఫ్ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. మండైన్‌తో పోరాడినందువల్ల వారి కడుపు మాడలేదు.

ఒక చమత్కారం కూడా చెప్పాలి. 2010 డిసెంబరులో మండైన్‌ను అయిదో రౌండ్‌లో పడగొట్టి అందరినీ నిర్ఘాంతపరచిన గార్త్ వుడ్ కూడా ఒకప్పటి రగ్బీ లీగ్ ఆటగాడే. 2011లో మండైన్ అతన్ని ఓడించి లెక్క సరిచేసుకున్నాడు.

ప్రపంచ ఛాంపియన్ అంటారు, మళ్లీ అదే తరగతిలో ఇంకొకడూ ప్రపంచ ఛాంపియనే అంటారు. మండైన్ నిజంగా ప్రపంచ ఛాంపియనా? — పాఠకుడు, నరసాపురం

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అనే నాలుగు పెద్ద సంస్థలు ఎవరి బెల్టు వారు ఇస్తాయి. వీటికి తోడు డబ్ల్యూబీఏ ఒక్కొక్కసారి ఒకే తరగతిలో ఒకరిని సూపర్ ఛాంపియన్ అని, ఇంకొకరిని మామూలు ఛాంపియన్ అని ప్రకటిస్తుంది. మండైన్ 2003లో గెలిచింది ఆ సంస్థ ఖాళీగా ఉన్న మామూలు టైటిల్. 2007లో గెలిచింది కూడా మామూలు టైటిల్ మాత్రమే. పై మెట్టు మీద అప్పుడు కెస్లర్ ఉన్నాడు. గీల్ మీద గెలిచింది ఐబీవో అనే చిన్న సంస్థ మిడిల్‌వెయిట్ బెల్టు. 2011లో గెలిచింది సూపర్ వెల్టర్‌వెయిట్‌లో డబ్ల్యూబీఏ తాత్కాలిక టైటిల్. కాబట్టి టైటిల్ విజేత అనడం న్యాయమే; తన తరగతిలో లోకమంతటికీ తిరుగులేనివాడు అనడం మాత్రం కుదరదు. మూడు బరువు తరగతుల్లో, 76 కిలోల నుంచి 70 కిలోలలోపు వరకు, అదీ వయసు పెరుగుతున్న కొద్దీ కిందికి దిగుతూ, బెల్టులు గెలవడం అరుదైన పనే.

అతని ఆట నచ్చినా మాట నచ్చదు. మహమ్మద్ అలీని అనుకరించబోయి అభాసుపాలయ్యాడని అనిపిస్తుంది. మీరేమంటారు? — అధ్యాపకురాలు, తణుకు

మండైన్ 1999లో ఇస్లాం స్వీకరించాడు. అలీ తనకు ఆదర్శమని దాచుకోలేదు. జాతి వివక్ష గురించి ఆస్ట్రేలియా క్రీడాకారులు గట్టిగా మాట్లాడని రోజుల్లో అతను మాట్లాడాడు. ఆ ధైర్యాన్ని తక్కువ చేయరాదు. ఆదివాసీ యువకులలో అతనికి ఉన్న ఆదరణకు మూలం అదే. కాని అలీ మాటల వెనుక ఉన్న పొదుపు ఇతనిలో లేదు. 2001లో న్యూయార్క్ దాడుల తరువాత అతను చేసిన వ్యాఖ్యల మీద దుమారం రేగి, డబ్ల్యూబీసీ తన జాబితా నుంచే అతని పేరు తొలగించింది. 2012లో టాస్మేనియా ఆదివాసీ మూలాలున్న గీల్‌ను పట్టుకొని అతని ఆదివాసీతనాన్నే ప్రశ్నించి, తరువాత క్షమాపణ చెప్పుకున్నాడు. తన జాతికి జరిగిన అన్యాయాన్ని ప్రశ్నించేవాడు అదే జాతివాడిని ఆ మాట అనడాన్ని మేము సమర్థించలేము. 2013 జనవరిలో రింగ్‌లో గీల్ అతన్ని పాయింట్ల మీద ఓడించాడు.

ప్రేక్షకులను రప్పించే సాధనంగా మాత్రం ఆ నోరు అక్కరకు వచ్చింది. అతన్ని ఇష్టపడనివారు కూడా టికెట్ కొన్నారని పైన చెప్పుకున్నాము.

సోనీ బిల్ విలియమ్స్ కూడా ఇలాగే రెండు ఆటలు ఆడాడు కదా. ఇద్దరిలో ఎవరు గొప్ప? — ఇంజనీరింగ్ విద్యార్థి, పాలకొల్లు

ఫుట్‌బాల్ వరకు విలియమ్స్‌కు సాటి లేదు. న్యూజిలాండ్‌కు చెందిన అతను రగ్బీ లీగ్‌లో 2004లో బుల్‌డాగ్స్‌తో, 2013లో సిడ్నీ రూస్టర్స్‌తో ఛాంపియన్‌షిప్‌లు, రగ్బీ యూనియన్‌లో 2011, 2015 ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో ఉన్నాడు. బాక్సింగ్ విషయంలో పోలికే లేదు. విలియమ్స్ సీజన్ల నడుమ దొరికిన విరామాల్లో, ఎంచుకున్న ప్రత్యర్థులతో కొద్ది పోరాటాలు చేశాడు. 2022లో మార్క్ హంట్ చేతిలో నాలుగో రౌండ్‌లో ఓడాడు. మండైన్ ఒక ఆటను పూర్తిగా వదిలి రెండోదానిలో ఇరవై ఏళ్లు బతికాడు. 2009లో విలియమ్స్ తొలి బాక్సింగ్ పోరు జరిగింది మండైన్–గీల్ పోరు ఉన్న కార్యక్రమంలోనే అన్నది గమనించదగ్గది. క్రొనుల్లా సారథిగా 2016లో ఆ జట్టుకు తొలి కప్పు అందించిన పాల్ గాలెన్ వంటివారు మండైన్ తరువాత రింగ్‌లోకి దిగినప్పుడు ఎవరూ వింతగా చూడలేదంటే, ఆ దారి అప్పటికే నలిగి ఉండడం వల్లనే.

మా అబ్బాయికి పదహారేళ్లు. ఊళ్లో సంక్రాంతి కబడ్డీ పోటీల్లో బాగా ఆడుతున్నాడు. మీ శీర్షిక చదివిన నాటి నుంచి బాక్సింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. పంపమంటారా? — కొబ్బరి రైతు, రాజోలు

నేర్చుకోవడానికి పంపండి. మండైన్‌ను చూసి తొందరపడి పోటీలకు మాత్రం పంపకండి.

కబడ్డీ ఆటగాడికి కాలి బలం, దమ్ము, ఎదుటివాడి కదలికను పసిగట్టే చూపు ఉంటాయి. అవి రింగ్‌లో పనికివస్తాయి. కాని కొన్ని అలవాట్లు మానుకోవాలి. కబడ్డీలో నడుము వంచి, తల ముందుకు చాచి, చీలమండ కోసమో నడుము కోసమో దూకుతారు. బాక్సింగ్‌లో ప్రత్యర్థి నడుముపట్టీ కన్నా కిందికి తల దించడం తప్పు. తల ముందుకు పెట్టి దూసుకుపోవడం తప్పు. పట్టుకొని వేలాడడమూ తప్పే. భుజాలు ఎదురుగా కాకుండా పక్కవాటుగా నిలపాలి. ఈ నిలకడ ఒంటికి పట్టడానికే నెలలు పడుతుంది. అప్పటిదాకా ఇంకొకరితో దెబ్బలాడనివ్వని శిక్షకుడే మంచి శిక్షకుడు. మొదటి వారమే రింగ్‌లోకి దింపి కొట్టుకోమనే చోట చేర్చకండి.

వయసు సంగతి. పదిహేను, పదహారేళ్లవారికి జూనియర్ విభాగం, ఆపై పద్దెనిమిదేళ్ల దాకా యూత్ విభాగం, పందొమ్మిది నుంచి పెద్దల విభాగం. మీ అబ్బాయి ఆలస్యం చేసినట్టు కాదు. మండైన్ పాతికేళ్లకు మొదలుపెట్టడం వల్ల కోల్పోయినదాన్ని ఇతను ఇంకా సంపాదించుకోవచ్చు. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీల్లో బాక్సింగ్ ఉంది. అమలాపురంలో జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడిగితే మీకు దగ్గరలో అర్హత ఉన్న శిక్షకుడు ఎవరో చెబుతారు. బరువు తరగతికి సరిపోవాలని ఎదిగే పిల్లవాడిని పస్తులుంచడం, నీళ్లు తాగనివ్వకపోవడం ఒప్పుకోకండి. ఏ బరువు ఉంటే ఆ తరగతిలోనే ఆడాలి.

తల దెబ్బల సంగతి దాచకూడదు. సిడ్నీ పరిశోధకులు 2019లో ఇద్దరు మాజీ రగ్బీ లీగ్ ఆటగాళ్ల మెదళ్లలో, పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే క్షీణతా వ్యాధిని మరణానంతరం గుర్తించారు. బాక్సర్లలో ఆ జబ్బు సంగతి అంతకు చాలా ముందే తెలుసు. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో తల అదిరిన ఆటగాడిని ఇప్పుడు కొన్నాళ్లపాటు మైదానంలోకి రానివ్వరు. మండైన్ రెండు ఆటల్లోనూ దెబ్బలు తిన్నవాడు. 2014లో జాషువా క్లాటీ చేతిలో ఒకే పోరులో అయిదుసార్లు కింద పడి కూడా చివరి దాకా నిలబడ్డాడు. 2017లో గ్రీన్‌తో రెండో పోరును పాయింట్ల మీద పోగొట్టుకున్నాడు. 2018 నవంబరులో బ్రిస్బేన్‌లో జెఫ్ హార్న్ అతన్ని 96 సెకన్లలో ముగించాడు. అప్పుడు వయసు 43. అప్పటికైనా ఆపవలసింది, 2021 మార్చిలో, 46వ పుట్టినరోజుకు రెండు నెలల ముందు, మైకేల్ జెరాఫా చేతిలో మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఓడిన తరువాత గాని విరమించలేదు. మొత్తం 59 పోరాటాలు, 48 గెలుపులు, 11 ఓటములు. ఆ ఓటముల్లో ఏడు 2013 జనవరి నుంచి వచ్చినవే.

మీ అబ్బాయికి ఆటలో తలకు దెబ్బ తగిలిన తరువాత తలనొప్పి, వాంతి, మగత, ఇప్పుడే జరిగినది మరచిపోవడం వంటివి కనిపిస్తే, అది బాక్సింగైనా కబడ్డీ అయినా, ఆ రోజుకు ఆట ఆపి వైద్యుడికి చూపించండి. వైద్యుడు సరేనన్న తరువాతే మళ్లీ పంపండి.

మండైన్ పోరాటాల్లో ఏవి చూడమంటారు? సమయం తక్కువ. — ఉద్యోగి, మండపేట

2006లో గ్రీన్‌తో జరిగినది ముందు చూడండి. ఎడమ చేతితో దూరాన్ని ఎలా కొలుచుకుంటాడో, గ్రీన్ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ కాళ్లతో ఎలా పక్కకు తప్పుకుంటాడో గమనించండి. తరువాత 2009లో గీల్‌తో జరిగిన మొదటి పోరు. ఇద్దరు న్యాయనిర్ణేతలు ఒకరికి, ఒకరు మరొకరికి ఇచ్చిన పోరు కాబట్టి, శబ్దం తగ్గించి మీరే రౌండ్ల వారీగా పాయింట్లు వేసుకొని చూడండి. ఓట్కే పోరును చివరకు ఉంచుకొని, ఎనిమిదో రౌండ్ నుంచి మండైన్ చేతులు ఎక్కడ ఉంటున్నాయో చూస్తూ ఉండండి.